పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కూర్-షెవెర్ని తెల్ల వైన్, రోమోరాంతాన్ ద్రాక్ష

ఫ్రాన్స్‌లోని ఒక చిన్న వైన్ ప్రాంతం గురించి పాఠకులు రాసిన ప్రశ్నలకు ఈసారి శీర్షికను పూర్తిగా కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని టూర్ నగరంలో చదువుకుంటున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు షెవెర్ని కోట చూసి, గేటు పక్కనే ఉన్న వైన్ల దుకాణంలోకి వెళ్ళాం. అక్కడ కొన్ని సీసాల మీద ‘షెవెర్ని’ అనీ, కొన్నిటి మీద ‘కూర్-షెవెర్ని’ అనీ రాసి ఉంది. రెండూ తెల్ల వైన్లే గాని రుచిలో పోలికే లేదు. ఒకే చోటి వైన్‌ను రెండు పేర్లతో ఎందుకు అమ్ముతున్నారు? — ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు చూసినవి ఒకే వైన్‌కు పెట్టిన రెండు పేర్లు కావు, చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు వైన్లు. షెవెర్ని, కూర్-షెవెర్ని అనేవి పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళు. లువార్ నది ఒడ్డునున్న బ్లువా పట్టణానికి దక్షిణాన, అడవులూ చెరువులూ నిండిన సొలోన్ ప్రాంతం మొదలయ్యే చోట అవి ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఒక ఊరి పేరును సీసా మీద వేసుకోవాలంటే వైన్‌ను ఆ ఊళ్ళో తయారు చేసినంత మాత్రాన సరిపోదు. ఏ పొలాల్లో పండించాలి, ఏ రకాల ద్రాక్ష వాడాలి, తీగను ఎలా కత్తిరించాలి, హెక్టారుకు దిగుబడి ఎంత దాటకూడదు అన్న సంగతులన్నీ ముందే రాసి ఆమోదించిన నియమావళికి రైతు కట్టుబడి ఉండాలి. 1935 నాటి చట్టంతో రూపుదిద్దుకున్న ఈ పద్ధతినే అపెలేషన్ అంటారు.

షెవెర్నికి ఈ హోదా 1993 మార్చిలో వచ్చింది. అది కలగలుపు వైన్‌గా ఉండాలన్నది అప్పుడు పెట్టిన నియమం. తెల్లదైతే సొవిన్యోన్ ప్రధానంగా ఉండి షార్డొనే వంటి మరో రకం దానికి తోడవ్వాలి. ఎర్రదైతే గామే, పినో నువార్ రెండూ కలవాలి. చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో రోమోరాంతాన్ అనే తెల్ల ద్రాక్షను దేనితోనూ కలపకుండా, అదొక్కదానితోనే వైన్ చేసుకునే అలవాటు తరాలుగా ఉంది. దాన్ని సొవిన్యోన్‌తో కలిపితే సొవిన్యోన్ వాసన ముందుకు వచ్చి దీని స్వభావం మరుగున పడుతుంది. కలపకుండా వదిలేస్తే కొత్త నియమం కింద దానికి ఊరి పేరు దక్కదు. ఊరి పేరు లేని వైన్‌కు ధర పలకదు, ధర పలకని తీగను రైతు ఎంతో కాలం పొలంలో ఉంచడు. అందుకే అదే నెలలో కూర్-షెవెర్ని పేరుతో మరొక అపెలేషన్‌ను విడిగా ఏర్పాటు చేశారు. దాని పరిధిలో ఉన్నవి 11 గ్రామాలు. అందులో చేసే వైన్ తెల్లది మాత్రమే, అందులో వాడే ద్రాక్ష నూటికి నూరు పాళ్ళూ రోమోరాంతాన్.

ఈ అపెలేషన్ కింద సాగయ్యే తోటలన్నీ కలిపినా సుమారు 50 నుంచి 60 హెక్టార్లు, అంటే మన లెక్కలో 125 నుంచి 150 ఎకరాలు. ఒక మోతుబరి కమతం పాటి నేలకు ఒక దేశం విడిగా చట్టం రాసిపెట్టిందంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. ఆ కాగితమే లేకపోతే ఈ ద్రాక్ష ఈ పాటికి పరిశోధన కేంద్రాల తోటల్లో నాలుగు తీగలుగా మిగిలి ఉండేదని నా అభిప్రాయం. అలాగని కాగితం చేసిందంతా మేలేనని అనలేం. రెండు పేర్లలోనూ ‘షెవెర్ని’ ఉండటం వల్ల మీలాగే కొనుగోలుదారులంతా తికమక పడుతున్నారు. పైగా ఆ ప్రాంతంలో చాలామంది రైతులు రెండు రకాలనూ తామే చేస్తారు కనుక, రెండు సీసాల మీదా అదే కుటుంబం పేరు కనబడి తికమక ఇంకాస్త పెరుగుతుంది. గుర్తు పెట్టుకోవలసినది ఒక్కటే: పేరు ముందు ‘కూర్’ ఉంటే అది రోమోరాంతాన్, లేకపోతే కాదు.

ప్రశ్న: రోమోరాంతాన్ ద్రాక్షను ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సువా స్వయంగా తెప్పించి నాటించాడని ఒక పర్యాటక కరపత్రంలో చదివాను. 80 వేల మొక్కలన్న లెక్క కూడా అందులో ఇచ్చారు. ఇది చరిత్రా, ప్రచారమా? — వ్యవసాయ కళాశాల విద్యార్థి, బాపట్ల

జవాబు: ఈ కథలో రెండు ముక్కలున్నాయి, వాటిని విడదీసి చూడటం మంచిది. రాజుకూ ఆ ప్రాంతానికీ ఉన్న సంబంధం నిజం. ఈ ద్రాక్షకు పేరిచ్చిన రోమోరాంతాన్ పట్టణంలో రాజు తల్లి లూయీజ్ ద సావువాకు నివాసం ఉండేది. అక్కడ ఒక కొత్త రాజప్రాసాదం, దానితోపాటు కాలువలతో కూడిన పట్టణం కట్టాలని ఫ్రాన్సువా తలపెట్టి, దాని రూపకల్పనను అప్పటికి తన ఆశ్రయంలో ఉన్న లియొనార్డో డావించీకి అప్పగించాడు. 1519 మే 2న లియొనార్డో ఆంబువాజ్‌లో కన్నుమూశాడు. రోమోరాంతాన్ ప్రాసాదం అటకెక్కింది. అదే సంవత్సరం కూర్-షెవెర్నికి దగ్గరలోనే షాంబోర్ కోట పని మొదలైంది. సరిగ్గా ఈ కాలంలోనే తూర్పు ఫ్రాన్స్‌లోని బుర్గుండీకి చెందిన బోన్ నుంచి రాజు 80 వేల ద్రాక్ష మొక్కలు తెప్పించి తల్లి ఎస్టేటులో నాటించాడని చెబుతారు. కథ ఇంతవరకూ పొందికగానే ఉంది. అయితే రాజు తెప్పించిన మొక్కలు ఏ రకానివి అన్న ప్రశ్నకు సమాధానం ఈ కథలో లేదు. నేడు మనం రోమోరాంతాన్ అని పిలుస్తున్న తీగలు వాటి సంతానమేననడం తర్వాతివాళ్ళు అతికించిన మాటలాగానే కనబడుతుంది.

మీరు వ్యవసాయ విద్యార్థి కనుక రెండో ముక్క మీకు ఇంకా ఆసక్తి కలిగించవచ్చు. 1999లో అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ బవర్స్, కెరోల్ మెరిడిత్, ఫ్రాన్స్‌లోని మోంపెలియేకు చెందిన పరిశోధకులతో కలిసి ఈశాన్య ఫ్రాన్స్‌లో పండే పాత ద్రాక్ష రకాల డీఎన్‌ఏను పోల్చి చూశారు. వాటిలో 16 రకాలకు తల్లిదండ్రులు ఒకే జంట అని తేలింది. ఆ జంటలో ఒకటి ప్రభువులూ మఠాధిపతులూ ఆదరించిన పినో. రెండోది గువే బ్లాంక్. అది నాసిరకమనీ, పేద రైతుల పుల్ల ద్రాక్ష అనీ చిన్నచూపుకు గురై, కొన్నిచోట్ల నిషేధాలను కూడా చవిచూసింది. మధ్యయుగాల్లో ఈ రెండూ పక్కపక్క పొలాల్లో పెరుగుతూ ఉండటం వల్ల ఒకదాని పుప్పొడి మరొకదానిపై పడి గింజలు కట్టాయి. ద్రాక్షలో గింజ నుంచి మొలిచిన ప్రతి మొక్కా కొత్త రకమే. ఆ మొక్కల్లో రైతుకు నచ్చినదాన్ని కొమ్మ కత్తిరించి నాటుకుంటూ పోతేనే అది ఒక రకంగా స్థిరపడుతుంది. అలా నిలిచిన 16 సంతానాల్లో షార్డొనే ఉంది, గామే ఉంది, అలిగొటే ఉంది, మస్కాడే వైన్ చేసే మెలోన్ ఉంది. రోమోరాంతాన్ కూడా ఉంది.

అంటే షార్డొనే, రోమోరాంతాన్ తోబుట్టువులు. షార్డొనే నేడు ప్రపంచమంతటా దాదాపు రెండు లక్షల హెక్టార్లలో సాగవుతుంటే రోమోరాంతాన్‌కు వంద హెక్టార్లు కూడా లేవు. ఒకే తల్లిదండ్రుల పిల్లల మధ్య ఇంత అంతరం రావడానికి నాణ్యత ఒక్కటే కారణమని నేను అనుకోను. షార్డొనే ఏ నేలలోనైనా, ఏ వాతావరణంలోనైనా ఎంతో కొంత ఒదుగుతుంది. రోమోరాంతాన్‌కు ఆ సర్దుబాటు గుణం తక్కువ.

ఇక రాజు సంగతి. తల్లిదండ్రులిద్దరూ ఈశాన్య ఫ్రాన్స్‌లో పక్కపక్కన పెరిగినవే కనుక ఈ ద్రాక్ష తూర్పు నుంచి లువార్ లోయకు వచ్చి ఉండవచ్చుననే ఊహకు డీఎన్‌ఏ ఫలితాలు అనుకూలంగానే ఉన్నాయి. తెచ్చింది ఎవరో, ఏ సంవత్సరంలోనో డీఎన్‌ఏ చెప్పదు. కరపత్రం రాసినవాళ్ళు ‘అని చెబుతారు’ అన్న రెండు మాటలు చేర్చి ఉంటే ఏ అభ్యంతరమూ ఉండేది కాదు.

ప్రశ్న: మేము థాంప్సన్ సీడ్‌లెస్ వేస్తాం. డాగ్‌రిడ్జ్ వేరుమూలం మీద అంటు కడతాం, ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేస్తాం. ఫ్రాన్స్‌లో ఈ అరుదైన ద్రాక్షను ఎలా సాగు చేస్తారు? ఇంత తక్కువ విస్తీర్ణానికి ఎందుకు పడిపోయింది? మా దగ్గర పండుతుందా? — ద్రాక్ష రైతు, అనంతపురం జిల్లా

జవాబు: మీ తోటకూ వాళ్ళ తోటకూ మొదటి తేడా చలికాలమే. అక్కడ ఆకంతా రాలి తీగ నెలల తరబడి నిద్రపోతుంది. ఆ నిద్రలో ఉండగా ఏడాదికి ఒక్కసారే కత్తిరింపు చేస్తారు. మీ దగ్గర తీగకు ఆ విశ్రాంతి లేదు కనుకనే వేసవిలో ఒకటి, వర్షాకాలం చివర ఒకటి, రెండు కత్తిరింపులు అవసరమవుతున్నాయి. రోమోరాంతాన్ గుత్తి చిన్నది, కాయలు ఒకదానికొకటి బిగుసుకొని ఉంటాయి. లోపలికి గాలి ఆడదు కనుక కోతల ముందు వాన పడితే కుళ్ళు తెగులు త్వరగా పాకుతుంది. అది పండటం కూడా ఆలస్యమే. పక్క వరుసల్లో సొవిన్యోన్ కోతలు ముగిశాక కూడా దీనికి ఆగవలసి వస్తుంది. ఆగిన ప్రతి రోజూ వాన భయమే. ఆగకుండా కోస్తే వైన్ పళ్ళు జివ్వుమనేంత పుల్లగా తయారవుతుంది. వెనకటి చల్లని సంవత్సరాల్లో ఈ వైన్‌కు వచ్చిన చెడ్డపేరులో ఎక్కువ భాగం పూర్తిగా పండకముందే కోయడం వల్ల వచ్చిందే. ఇప్పుడు వేసవులు వేడెక్కడం ఈ ఒక్క ద్రాక్షకు కొంత కలిసొచ్చింది. కాని అదే మార్పు మరో ముప్పు తెచ్చింది: శీతాకాలం వెచ్చగా గడిచి చిగురు ముందుగా వేస్తోంది, ఆ చిగురు మీద ఏప్రిల్ మంచు పడుతోంది. 2016, 2017, 2021 సంవత్సరాల్లో లువార్ లోయ రైతులు ఈ మంచు దెబ్బను గట్టిగానే తిన్నారు. వరుసల మధ్య రాత్రంతా మైనపు దీపాలు వెలిగించడం, ఎత్తైన పంకాలతో పై గాలిని కిందికి తోయడం వంటి ఉపాయాలున్నాయి గాని చిన్న రైతుకు వాటి ఖర్చు భారమే.

సాగు ఎందుకు తగ్గిందన్నదానికి మూలం 19వ శతాబ్దపు రెండో సగంలో ఉంది. అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పేను వేళ్ళ రసం పీల్చి ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో చాలా భాగాన్ని తుడిచిపెట్టింది. ఆ పేనును తట్టుకునే అమెరికా వేరుమూలాల మీద అంటు కట్టుకుంటూ తోటలను మళ్ళీ మొదటి నుంచి వేయవలసి వచ్చింది. మీ డాగ్‌రిడ్జ్ కూడా అమెరికా జాతిదే, కాకపోతే మీరు దాన్ని వాడేది ఉప్పునేలకూ నీటి ఎద్దడికీ తట్టుకుంటుందని. తోట మొత్తం తిరగనాటేటప్పుడు, కష్టపెట్టే పాత రకం కంటే సులువుగా పండి సులువుగా అమ్ముడుపోయే రకం వైపు రైతు మొగ్గుతాడు. ఆ లెక్కలో రోమోరాంతాన్ వెనకబడింది.

అంటు కట్టని పాత తీగలు మాత్రం ఒకచోట మిగిలాయి. కూర్-షెవెర్ని సరిహద్దుకు వెలుపల, సొయాంగ్ గ్రామంలో ఆంరీ మారియోనే కుటుంబం అధీనంలో ఉన్న ఒక చిన్న మడిలో రోమోరాంతాన్ తీగలు సొంత వేళ్ళ మీదే నిలిచి ఉన్నాయి. అవి 1850 ప్రాంతంలో నాటినవని చెబుతారు. పూర్వం తీగ చచ్చిన చోట పక్క తీగ కొమ్మను వంచి మట్టిలో పాతి నేలంటు కట్టేవాళ్ళు. ఆ పద్ధతి పేరునే మారియోనే తన వైన్‌కు ‘ప్రొవిన్యాజ్’ అని పెట్టుకున్నారు. ఇసుక నేలలో ఫిలోక్సెరా పేను సరిగా బతకలేకపోవడమే ఆ తీగలు మిగలడానికి కారణమని అంటారు. విచిత్రమేమిటంటే, ప్రపంచంలోని అత్యంత పాత రోమోరాంతాన్ తీగల్లో లెక్కించదగ్గ ఈ మడి వైన్‌కు కూర్-షెవెర్ని పేరు పెట్టుకునే హక్కు లేదు, ఎందుకంటే ఆ పొలం గీత అవతల ఉంది.

మీ దగ్గర తీగ బతుకుతుంది, కాయ కూడా కాస్తుంది. అయితే వేడికి కాయలోని పులుపు కరిగిపోతుంది. ఈ ద్రాక్షకు ఉన్న సొత్తంతా ఆ పులుపే. తినే ద్రాక్షగా కూడా దీనికి గింజలు, చిన్న కాయ, బిగుసు గుత్తి అడ్డంకులు. ప్రయోగంగా నాలుగు తీగలు వేసుకుంటే తప్పులేదు గాని ఎకరం వేయమని మాత్రం చెప్పలేను.

ప్రశ్న: వేర్వేరు సంవత్సరాల కూర్-షెవెర్ని సీసాలు రెండు కొన్నాను. ఒకటి నిమ్మకాయ కొరికినట్టు ఉంది, రెండోదాంట్లో తీపి స్పష్టంగా తెలుస్తోంది. ద్రాక్ష ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎలా వస్తుంది? వీటిలో ఏది అసలైనది? — ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: రెండూ అసలైనవే. రసంలోని చక్కెరంతా పులిసి ఆల్కహాల్‌గా మారేదాకా ఉంచితే తీపి లేని వైన్ వస్తుంది. ఎక్కువమంది చేసేది అదే. మంచి ఎండ కాసిన సంవత్సరాల్లో కొందరు గుత్తులను తీగ మీదే మరికొంత కాలం ఉంచి, బాగా పండించి, పులియడం పూర్తికాకముందే ఆపి కొంచెం చక్కెర మిగులుస్తారు. అక్కడి వైన్ తయారీదారు ఫ్రాన్సువా కజాన్ ‘రెనెసాన్స్’ అన్న పేరుతో చేసే వైన్ ఈ రెండో కోవలోదే. పులుపు అంత గట్టిగా ఉండటం వల్ల ఆ తీపి మొహం మొత్తదు. ఇబ్బంది ఏమిటంటే, ఏ సీసా ఏ కోవలోదో తెలిపే మాట అన్ని లేబుళ్ళ మీదా ఉండదు. ‘సెక్’ అని ఉంటే తీపి లేదని అర్థం. ఏమీ లేకపోతే అమ్మేవాణ్ణి అడిగి తెలుసుకోవలసిందే. ఇది చట్టం సరిదిద్దదగ్గ లోపమని నా ఉద్దేశం.

వాసన విషయంలో మరొక జాగ్రత్త. లేత సీసాలో నిమ్మ, పచ్చి ఆపిల్, తెల్లని పూల వాసనలు ఉంటాయి. అయిదారేళ్ళు గడిచాక తేనె, తేనెమైనం, ఎండిన పళ్ళ వాసనలు పైకి వస్తాయి. ముక్కుకు తేనె తగిలినంత మాత్రాన నాలుకకు తీపి తగులుతుందనుకోకూడదు. పాతబడ్డ రోమోరాంతాన్ తేనె వాసన వేస్తూనే ఏమాత్రం తీపి లేకుండా ఉండవచ్చు. మీ రెండో సీసాలో ఉన్నది వాసనా, నిజమైన తీపా అన్నది మళ్ళీ ఒకసారి ముక్కు మూసుకొని రుచి చూస్తే తేలిపోతుంది.

ప్రశ్న: మా బనగానపల్లె మామిడికి వచ్చిన భౌగోళిక గుర్తింపూ ఈ అపెలేషనూ ఒకటేనా? — ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: కుదురు ఒకటే, కొమ్మలు వేరు. బనగానపల్లె మామిడికి 2017లో గుర్తింపు ఇచ్చిన మన చట్టం 1999 నాటిది, 2003 నుంచి అమలులో ఉంది. పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడటమే దాని ముఖ్య ఉద్దేశం. ఫ్రెంచి పద్ధతి పేరును కాపాడటంతో ఆగకుండా కత్తిరింపు నుంచి దిగుబడి దాకా రైతు చేతిని కూడా నియంత్రిస్తుంది. మరో తేడా కూడా ఉంది. బనగానపల్లె అన్నది ఊరి పేరూ, మామిడి రకం పేరూ కావడం వల్ల ఎక్కడో పండిన కాయను కూడా జనం ఆ పేరుతోనే పిలుస్తారు, ఆపడం కష్టం. కూర్-షెవెర్నిలో ఈ రెండూ విడిగా ఉన్నాయి. రోమోరాంతాన్ మొక్కను మరోచోట ఎవరైనా నాటుకోవచ్చు; సీసా మీద కూర్-షెవెర్ని అని రాసుకునే హక్కు మాత్రం ఆ 11 గ్రామాలది.

ప్రశ్న: బంధువులు ఒక కూర్-షెవెర్ని సీసా తెచ్చి ఇచ్చారు. పదేళ్ళు దాచుకోవచ్చని అన్నారు. ఎక్కడ దాచాలి? మన వంటల్లో దేనితో బాగుంటుంది? — ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పదేళ్ళన్న మాట అబద్ధం కాదు, పులుపు ఎక్కువగా ఉండటం వల్ల మంచి కూర్-షెవెర్ని అంతకాలం నిలుస్తుంది, మెరుగుపడుతుంది కూడా. అయితే ఆ మాట 12, 13 డిగ్రీల నేలమాళిగను దృష్టిలో పెట్టుకొని చెప్పినది. విజయవాడ ఎండాకాలంలో బీరువాలో పెట్టిన సీసా ఒక్క వేసవికే పాడైపోతుంది. ఫ్రిజ్‌లో అడ్డంగా పడుకోబెట్టి, కొన్ని నెలల్లోనే తెరిచెయ్యడం మంచిది. మన దేశంలో దిగుమతి వైన్ల మీద చాలాకాలంగా 150 శాతం సుంకం ఉండటం వల్ల ఇలాంటి చిన్న ప్రాంతాల వైన్లు ఇక్కడి దుకాణాల్లో దొరకడం అరుదు. పాడైతే మరొకటి కొనుక్కుందామంటే కుదరదు.

ఆ ఊళ్ళలో దీన్ని నదిచేపలతోనూ, దగ్గరలోనే తయారయ్యే సెల్-సుర్-షేర్ అనే బూడిద పూసిన మేకపాల జున్నుతోనూ తీసుకుంటారు. మన చేపల పులుసుతో వద్దు. చింతపండు పులుపు మీద ఈ పులుపు పడితే రెండూ దెబ్బతింటాయి, కారం కూడా అడ్డొస్తుంది. కొరమీను ముక్కలకు ఉప్పు, పసుపు, కాస్త మిరియాల పొడి పట్టించి నూనెలో వేయించి పెట్టుకోండి, నిమ్మకాయ పిండవద్దు. సీసా తీపి కోవలోదైతే అల్లం, పచ్చిమిర్చి కొంచెం ఎక్కువ పడినా సర్దుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోయకుండా పది నిమిషాలు బయట ఉంచండి. మరీ చల్లగా ఉంటే పులుపు తప్ప ఇంకేమీ తెలియదు.